అమ్మ జాడీ, పదకొండు మొక్కలు, నాలుగు చీరలు: ఉద్యోగాల మధ్య ఇవన్నీ మీరు ఎలా నడుపుకొస్తున్నారు?

అమ్మ_జాడీ | ఏప్రిల్ 13, రాత్రి 11:10

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది తెనాలి. ఇప్పుడు హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. బాబు నాలుగో తరగతి, పాపకి నాలుగేళ్లు. కిందటి కార్తీకంలో అమ్మ పోయింది. సంక్రాంతికి ఊరెళ్లి ఇల్లు సర్దినప్పుడు నేను అడిగి తెచ్చుకున్నవి మూడే: ఆవకాయ పెట్టే పింగాణీ జాడీ, పెరట్లో అమ్మ పెంచిన మొక్కలు, నాలుగు నూలు చీరలు. మొక్కల్ని వ్యాన్‌లో తెచ్చి మేడ మీద గ్రో బ్యాగుల్లోకి మార్చాను. మొత్తం పదకొండు. రెండు అప్పుడే ఎండిపోయాయి. టమాటా పూత పూస్తోంది, పూసినదంతా రాలిపోతోంది.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. పోయిన వేసవిలో మొదటిసారి నేనే ఆవకాయ పెట్టాను. ఐదు కిలోల ముక్కలు. అమ్మ ఫోన్‌లో చెబుతూ ఉంటే కలిపాను. ఆషాఢంలో మూత తీస్తే పైనంతా తెల్లగా బూజు. మొత్తం పారబోశాను. అమ్మ అడిగితే ‘బాగా కుదిరిందమ్మా’ అన్నాను. ఆవిడ సంతోషపడింది. ఆ అబద్ధం ఇప్పటికీ లోపల గుచ్చుతూనే ఉంది.

ఈ ఏడాది మళ్లీ పెట్టాలని ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికి ఇప్పుడు ఆవిడ లేదు. మొక్కలు బతకాలి. చీరల్ని బీరువాలో మడతపెట్టి ఉంచడం ఇష్టం లేదు. నాకు దొరికేది ఆదివారం ఒక పూట, మామూలు రోజుల్లో రాత్రి అరగంట. ఇంతలో ఏవి చేయగలను, ఏవి వదిలేయాలి? మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పండి.

పాత_మాస్టారు | ఏప్రిల్ 14, ఉదయం 5:40

అమ్మా, ముందుగా మీ అమ్మగారికి నమస్కారం.

మాది రాజమండ్రి. మా ఆవిడకి చేతి వేళ్లు కీళ్లనొప్పులతో వంగడం మానేశాక ఏడేళ్లుగా మా ఇంట్లో ఆవకాయ నేనే పెడుతున్నాను. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని చెబుతుంది. బూజు ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొన్ని వివరాలు కావాలి. కాయ ఎక్కడ కోయించారు? ఎప్పుడు కడిగారు, ఎప్పుడు కలిపారు? ఏ ఉప్పు వాడారు? నూనె ముక్క మీదకి తేలిందా? తిరగకలిపింది ఏ రోజు?

టమాటా మాట ఇప్పుడే చెబుతాను, దానికి బెంగ పడకండి. పగలు ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రుళ్లు కూడా వేడి తగ్గకపోతే పిందె కట్టదు, పూత రాలుతుంది. ఇది మీ తప్పు కాదు, ఏప్రిల్ మాసం తప్పు. మొక్కకి మధ్యాహ్నం నీడ పడేలా 50 శాతం షేడ్ నెట్ కట్టి, మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా పరిచి బతికించుకోండి. చల్లబడ్డాక అదే కాస్తుంది.

అమ్మ_జాడీ | ఏప్రిల్ 14, రాత్రి 10:25

మాస్టారు గారూ, మీరు అడిగినవన్నీ గుర్తు చేసుకుని రాస్తున్నాను.

కాయలు మార్కెట్లో కొని అక్కడే కొట్టించాను. ఆదివారం సాయంత్రం ఇంటికి తెచ్చి, ముక్కలు దుమ్ముగా ఉన్నాయని నీళ్లలో కడిగాను. బట్టతో తుడిచి, మర్నాడు ఆఫీసు ఉందని ఆ రాత్రే కలిపేశాను. ఉప్పు ఇంట్లో వాడే ప్యాకెట్ ఉప్పే, అమ్మ చెప్పినన్ని గ్లాసులు. మా వారికి కొలెస్ట్రాల్ ఉందని నూనె తగ్గించాను. మూడో రోజు తిరగకలపమంది అమ్మ. ఆఫీసు పనిలో పడి కుదరలేదు. వారం తర్వాత కలిపాను.

ఇలా వరసగా రాస్తుంటే నాకే తెలిసిపోతోంది.

సిద్దిపేట_కోడలు | ఏప్రిల్ 14, రాత్రి 11:02

అక్కా, ముక్క అయినంక కడగడమే మొదటి తప్పు. కాయను కాయగా ఉన్నప్పుడే కడగాలె, పొడిబట్టతో తుడిచి గంట సేపు ఫ్యాన్ కింద ఆరబెట్టాలె. కోసినంక నీటిచుక్క తగలొద్దు. మార్కెట్ల కొట్టించేటప్పుడు నేను ఇంటి నుంచి రెండు పాత పంచెలు పట్టుకపోతా. కొట్టే పీట తడిగుంటది, కొట్టేటాయన చెయ్యి తడిగుంటది, ముందు కొట్టిన కాయ రసం అంతా అక్కడనే ఉంటది. ఒక పంచె పీట తుడవనీకి, ఒకటి ముక్కలు పోసుకొనీకి. మొదట్ల నవ్వేటోళ్లు, ఇప్పుడు ఆయనే అడిగి మరీ తుడుస్తడు.

మా దిక్కు పల్లి నూనె, అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేసి పెడతం. అది మీ కోస్తా ఆవకాయ లెక్క కాదు. కానీ తడి సంగతి ఎక్కడైనా ఒక్కటే.

పాత_మాస్టారు | ఏప్రిల్ 15, ఉదయం 5:35

సిద్దిపేట అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. దానికి నా వంతు కలుపుతాను.

ఉప్పు. మీ అమ్మగారు గ్లాసుల లెక్క చెప్పింది ఆవిడ చేతి ఉప్పుకి. కల్లుప్పు ఎండబెట్టి ఇంట్లో దంచిన ఉప్పుకీ, ప్యాకెట్ సన్న ఉప్పుకీ గ్లాసు నిండుగా పోస్తే బరువు ఒకటిగా రాదు. ఎవరి గ్లాసు వారిది, ఎవరి తలకొట్టు వారిది. అందుకే నేను మా ఆవిడ గ్లాసుల్ని ఒకసారి తూచి కాగితం మీద రాసి అలమర తలుపుకి లోపల అంటించాను. కిలో ముక్కలకి కారం 200 గ్రాములు, ఆవపిండి 200, ఉప్పు 175, మెంతులు ఒక చెంచా, పప్పు నూనె (నువ్వుల నూనె) అర లీటరు. మా ఇంటి లెక్క ఇది. కారం మీ నోటిని బట్టి తగ్గించుకోవచ్చు. ఉప్పూ నూనే మాత్రం తగ్గించకండి. ఆరోగ్యం కోసం తగ్గించాలనుకుంటే తినే ముక్క తగ్గించాలి గాని జాడీలో నూనె తగ్గించకూడదు. ముక్క మీద వేలు మందాన నూనె నిలిస్తే గాలి తగలదు, గాలి తగలకపోతే బూజు రాదు.

ఆవాలు రెండు గంటలు ఎండలో పెట్టి, మిక్సీ ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే పిండి వేడెక్కి చేదు వస్తుంది.

ముక్కకి టెంక ఉండాలి. లోపలి జీడి తీసి, దాన్ని అంటుకున్న పల్చటి పొర కూడా గీకేయాలి. పిల్లలతో చేయించడానికి ఇంతకంటే మంచి పని లేదు. మా మనవరాలు గంటలో రెండు కిలోలు గీకుతుంది.

తిరగకలపడం మూడో రోజే ఎందుకంటే, అప్పటికి ఉప్పు ముక్కలోని నీటిని లాగి ఊట అడుగున చేరుతుంది. పైముక్క పొడిగా ఉండిపోతుంది, దానికి ఉప్పు పట్టదు. వారం ఆగితే ఆ పైముక్కే బూజుకి దారి ఇస్తుంది. మీకు జరిగింది ఇదే.

బూజు పట్టినప్పుడు మా అమ్మ పైపొర తీసేసి, కాచి చల్లార్చిన నూనె పోసి మళ్లీ జాడీ మూతికి గుడ్డ (వాసెన) కట్టేది. మొత్తం పారబోయనక్కర్లేకపోయిందేమో.

డాలస్_గోంగూర | ఏప్రిల్ 15, రాత్రి 7:50

మాస్టారు గారూ, మీ మాట కాదంటున్నందుకు క్షమించండి. పారబోయడమే సరైన పని అనుకుంటాను. పైన కనిపించే తెలుపు కొంతే. దాని పోగులు కంటికి కనబడకుండా కిందికి దిగుతాయి. కొన్ని రకాల బూజులు విషం కూడా వదులుతాయి, అది నూనె కాచి పోస్తే పోయేది కాదు. నాలుగేళ్ల పాప ఉన్న ఇల్లు.

నేను టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ మా పక్కింటి పెద్దావిడ ప్రతి వేసవిలో టమాటాలు సీసాల్లో పట్టి నిలవ చేస్తుంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం పులుపు. పీహెచ్ 4.6 కన్నా తక్కువుంటేనే, అంటే బాగా పుల్లగా ఉంటేనే, మరిగే నీళ్లలో సీసాలు ఉంచి నిలవ చేయొచ్చు. అంతకన్నా చప్పగా ఉండే బీన్స్, క్యారెట్ లాంటివాటికి ఆవిరి ఒత్తిడితో సీసాల్ని వేడి చేసే ప్రెషర్ క్యానర్ కావాల్సిందే. లేకపోతే గాలి లేని చోట పెరిగే బాక్టీరియా బొటులిజం అనే జబ్బు తెచ్చే విషం తయారు చేస్తుంది. టమాటా సరిగ్గా ఆ అంచు మీద ఉంటుంది కాబట్టి అర లీటరు సీసాకి పెద్ద చెంచాడు (టేబుల్ స్పూను) నిమ్మరసం తప్పక వేస్తుంది. ఆవిడ అలా చెబుతుంటే నాకు మన ఆవకాయ కొత్తగా అర్థమైంది. పుల్ల మామిడి, ఇంత ఉప్పు, పైన నూనె: మన పెద్దవాళ్లు మూడు తాళాలు వేశారు. ఒక్క తాళం మనం సడలించినా కుదరదు. ఒట్టి నూనెలో వెల్లుల్లి వేసి గది వేడిలో రోజుల తరబడి ఉంచడం మాత్రం ఎవరూ చేయకండి, అందులో పులుపూ లేదు, ఉప్పూ లేదు.

పాత_మాస్టారు | ఏప్రిల్ 16, ఉదయం 5:50

ఒప్పుకుంటున్నానమ్మా. పైపొర తీసి తిన్న తరం మాది, కాని పిల్లలున్న ఇంటికి ఆ సలహా ఇవ్వకూడదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రెండు_బస్సులు | ఏప్రిల్ 16, రాత్రి 9:40

ఇవన్నీ చదువుతుంటే ఒక పక్క బాగుంది, ఇంకో పక్క దిగులుగా ఉంది. ఆఫీసుకి నాకు రెండు బస్సులు. పొద్దున ఏడుకి బయల్దేరితే రాత్రి ఎనిమిదికి ఇల్లు. అన్నం, పిల్లల హోంవర్కు, మర్నాటి బాక్సులకి కూర తరుక్కోవడం, అంతే రోజు అయిపోతుంది. మా అత్తగారు ప్రతి వేసవిలో వడియాలు, అప్పడాలు, నాలుగు రకాల పచ్చళ్లు పెట్టేవారు. ఇప్పుడు అన్నీ కొంటున్నాం. ఎవరైనా ఇంటి ఆవకాయ అని వడ్డిస్తే నేనేదో పోగొట్టినట్టు అనిపిస్తుంది. నాలాంటివాళ్లు ఏం చేయాలి? నిజంగానే అడుగుతున్నాను.

అనంత_ఎండ | ఏప్రిల్ 16, రాత్రి 10:15

చెల్లీ, మీ అత్తగారి కాలంలో ఆ పని ఒక్కరు చేయలేదు. వీధిలో నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే ఒకరింట్లో అప్పడాలు అయ్యేవి, మర్నాడు ఇంకొకరింట్లో. మా అనంతపురంలో నా చిన్నప్పుడు కళ్లారా చూశాను. నలుగురి పని నువ్వు ఒక్కదానివే చేయలేదని బాధపడితే ఎలా?

ఒక పని చెబుతాను, నీ టైముకి సరిగ్గా సరిపోతుంది. మజ్జిగ మిరపకాయలు. పావుకిలో లావు పచ్చిమిరపకాయలు తొడిమ ఉంచి కడిగి ఆరబెట్టు. పిన్నీసుతో నిలువుగా గాటు పెట్టు. పుల్లటి చిక్కటి మజ్జిగలో ఉప్పు వేసి రాత్రి నానెయ్యి. పొద్దున బస్సుకి పోయే ముందు తీసి పళ్లెంలో కిటికీ దగ్గరో బాల్కనీలోనో ఎండకి పెట్టు. రాత్రి వచ్చి మళ్లీ అదే మజ్జిగలో వెయ్యి. ఇట్లా మూడు నాలుగు రోజులు, మజ్జిగ అయిపోయేదాకా. ఆ తర్వాత గలగలమనేదాకా ఎండటమే. పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు. నువ్వు ఆఫీసులో ఉన్నంతసేపూ పని చేసేది ఎండ.

కాకరకాయ, గోరుచిక్కుడు ఒరుగులు కూడా ఇంతే. ఉప్పు నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి వార్చి ఎండబెట్టడమే.

రెండు_బస్సులు | ఏప్రిల్ 16, రాత్రి 10:31

అక్కా, ఇది చేయగలను. పావుకిలో అన్నారు చూడండి, ఆ మాటకే ధైర్యం వచ్చింది.

రాత్రి_షిఫ్ట్ | ఏప్రిల్ 17, ఉదయం 8:20

విశాఖ నుంచి. నాది రాత్రి షిఫ్టు, మా ఆవిడది పగటి ఉద్యోగం. పొద్దున నేను ఇల్లు చేరేసరికి తను బయల్దేరుతుంది. మధ్యలో మా అమ్మాయిని బడికి తయారు చేసే గంట నాది. ఆ గంటలోనే బాల్కనీ తోట పెట్టాం, పన్నెండు సంచులు.

అమ్మ_జాడీ గారూ, మొక్కల గురించి నాకు తెలిసింది చెబుతాను. మేడ మీద పెట్టారు కాబట్టి ముందు బరువు చూసుకోండి. 18కి 18 అంగుళాల సంచిలో నిండుగా పోస్తే 70 లీటర్లకు పైనే మట్టి పడుతుంది. తడిస్తే ఇద్దరు కలిసి కూడా జరపలేరు. అందుకని బీముల మీద, పిట్టగోడ వారగా పెట్టండి, కింద రెండేసి ఇటుకలు వేయండి. ఒట్టి ఎర్రమట్టి వద్దు, గట్టిపడి నీళ్లు పైనే నిలుస్తాయి. మేం మట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు మూడూ సమానంగా కలిపి, సంచికి రెండు గుప్పెళ్లు వేపపిండి వేస్తాం. మీ రెండు మొక్కలు ఎండిపోయింది నీళ్లు తక్కువై కాకపోవచ్చు. ఊరి మట్టిలోంచి పెకలించి తెచ్చినప్పుడు వేళ్లు తెగుతాయి, పైన ఆకు అంతే ఉంటుంది. అలాంటప్పుడు కొమ్మలు సగానికి కత్తిరించి వారం నీడలో ఉంచాలి.

టైము లేనివాళ్లు ఆకుకూరలతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. తోటకూర, మెంతి నాలుగు వారాల్లోపే కోతకొస్తాయి. పిల్లలకి ఓపిక నిలిచే గడువు అదే. మా అమ్మాయి కొత్తిమీర కోసం ధనియాలు చపాతీ కర్రతో నలిపి రెండు బద్దలు చేస్తుంది. ఆ పని తనకి తప్ప ఎవరికీ ఇవ్వదు.

పిండినల్లి, పేనుబంక లాంటి పురుగులు కనబడితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

అమ్మ_జాడీ | ఏప్రిల్ 17, రాత్రి 11:30

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఈ రాత్రి మేడ మీదకి వెళ్లి ఫోన్ లైటు వేసుకుని మొక్కలన్నీ చూశాను. మల్లె, గోంగూర, కరివేపాకు, రెండు వంగ, రెండు మిరప, టమాటా, బచ్చలి తీగ. తొమ్మిదీ ఉన్నాయి. బచ్చలి సంచిలో అమ్మ వేసిన కోడిగుడ్డు పెంకులు ఇంకా అలాగే ఉన్నాయి. మట్టి మార్చేటప్పుడు గమనించలేదు.

చీరల గురించి ఎవరూ చెప్పలేదు. ఒక చీర పమిట చెంగు దగ్గర పసుపు మరక ఉంది. వంట చేస్తూ అక్కడే చెయ్యి తుడుచుకునేది. దాన్ని ఉతకలేదు.

నరసాపురం_లేసు | ఏప్రిల్ 18, మధ్యాహ్నం 2:15

చీరల మాట కోసమే రాస్తున్నాను. ఉతక్కండి, ఆ మరక అలాగే ఉండనివ్వండి. బొంత కుట్టండి.

నాలుగు నూలు చీరలు బొంతకి చక్కగా సరిపోతాయి. మరక ఉన్న చీర పైకి రావాలి, పమిట చెంగు తల దగ్గర కాకుండా చేతులు ఉండే చోటికి రావాలి. నేలమీద పరిచి, ఒక్కో పొరా తడిచేత్తో నిమిరి ముడత లేకుండా చేసి, నాలుగు మూలలా బియ్యం డబ్బాలు పెట్టండి. ముందు మధ్యలోంచి అంచుల వైపు పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసేయండి. అంచు నుంచి మొదలుపెడితే బట్ట మధ్యలో పోగై ఉబ్బుతుంది. ఈ పని ఒక్కటే ఒక ఆదివారం పూట పడుతుంది. ఆ తర్వాత దాన్ని మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. రోజూ రాత్రి ఒక వరస, జానెడైనా సరే. లావు నూలు దారం వాడండి, వరసల మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచండి. వర్షాలు మొదలయ్యేసరికి సగం, దసరాకి పూర్తి.

మా అమ్మమ్మ లేసు అల్లేది. మా ఊరివాళ్లకి తెలుసు, పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, తర్వాత గోదావరి పల్లెల్లో ఇంటింటి పని అయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నేను అమ్మమ్మ సూది తీసి చూసుకున్నాను. ఆవిడ మధ్యాహ్నం అంట్లు తోమాక అరుగు మీద కూర్చునేది. మనవల్ని కాలితో ఉయ్యాల ఊపుతూ చేత్తో అల్లేది. కళ్లు వాకిట్లో ఎండబెట్టిన ధాన్యం మీద, కోళ్లని అదిలిస్తూ. అల్లినదానికి వచ్చే కూలి చాలా తక్కువ. ఆవిడకి తీరిక ఉండి చేసిందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఎప్పుడూ తీరిక లేదు. చేతిలో పట్టే పని కాబట్టి చేయగలిగింది. నేనిప్పుడు ఆ సూదితోనే ఆస్పత్రి వరండాల్లో, పిల్లల ట్యూషన్ బయట అల్లుతున్నాను. మూడు నెలలకి ఒక టేబుల్ గుడ్డ అవుతుంది.

సిద్దిపేట_కోడలు | ఏప్రిల్ 18, సాయంత్రం 6:05

బొంత మాట బాగ చెప్పిన్రు. మా అత్తమ్మ కుట్టిన బొంతనే మా పిల్లలిద్దరికీ పురుడప్పటి నుంచి కప్పిన. ఎన్నిసార్లు ఉతికినా మెత్తగ అయితది తప్ప చిరగదు.

పాత_మాస్టారు | ఏప్రిల్ 20, ఉదయం 6:00

అమ్మ_జాడీ గారూ, మీ రోజుల లెక్కకి ఆవకాయ ఇలా పంచాను, చూడండి. మే మొదటి వారం అనుకోండి. ముందు ఆదివారం ఆవాలు, మిరపకాయలు, కల్లుప్పు, మెంతులు ఎండకి పెట్టండి. ఆ వారంలో రాత్రి అరగంటల్లో ఒక్కోటి పొడి చేసి డబ్బాల్లో పెట్టి మూత బిగించండి. జాడీ వేడినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో బోర్లించి, మూడో రోజు వెల్లకిలా పెట్టండి. శనివారం పొద్దున కాయ తెచ్చి, కడిగి ఆరబెట్టి కొట్టించండి. పొర తీసి తుడిచి, పంచె మీద ఫ్యాన్ కింద సాయంత్రం దాకా వదిలేయండి. రాత్రి పిల్లలు పడుకున్నాక కలపండి. సోమవారం రాత్రి ఎంత అలసటగా ఉన్నా తిరగకలపండి, పది నిమిషాల పని. రుచి చూసి ఉప్పు చాలకపోతే అప్పుడే వేయండి, నూనె తేలకపోతే అప్పుడే పోయండి.

ఐదు కిలోలు వద్దు. రెండు కిలోలు పెట్టండి.

అమ్మ_జాడీ | మే 6, రాత్రి 12:20

నిన్న సోమవారం రాత్రి తిరగకలిపాను. ఇవాళ కాస్త తీరిక దొరికి రాస్తున్నాను.

మాస్టారు గారు రాసిన వరసనే తు.చ. తప్పకుండా చేశాను. రెండు కిలోలు. కాయల్లో కొత్తపల్లి కొబ్బరి రకం దొరకలేదు, నాటు కాయలు పుల్లటివి చూసి తెచ్చాను. పంచెలు తీసుకెళ్లాను, సిద్దిపేట చెల్లి చెప్పినట్టే. పొర గీకింది మా బాబు. చెంచా మొనతో ఒక్కో ముక్కా లైటుకి ఎత్తి చూసుకుంటూ గీకాడు. గంటంబావు పట్టింది వాడికి, మధ్యలో ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. మా వారు తూచి ఇచ్చారు. పాప మెంతులు వేసింది.

కలిపేటప్పుడు అమ్మ ఎలా చేసేదో చేతికి గుర్తొచ్చింది. ముందు పిండి, కారం, ఉప్పు పొడిగా కలిపి, నాలుగేసి ముక్కలు నూనెలో ముంచి తీసి ఆ పొడిలో దొర్లించి జాడీలో వేసేది. పోయిన ఏడాది నేను అన్నీ బేసిన్‌లో ఒకేసారి పోసి కలిపాను. ఫోన్‌లో ఇది ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని అనుకుని ఉండదు. ఆవిడకి అది చేతికి తెలిసిన పని.

నిన్న మూత తీస్తే ఊట దిగింది. తిరగకలిపాక నూనె నిదానంగా పైకి వచ్చింది. వేలు పెట్టి చూశాను, వేలు మందాన ఉంది. వాసెన కట్టి, పైన మూత పెట్టి, దేవుడి గూటి కింద చీకటిగా ఉండే మూలలో పెట్టాను.

పాత_మాస్టారు | మే 6, ఉదయం 5:30

మా ఆవిడకి చదివి వినిపించాను. ముక్కని నూనెలో ముంచి పొడిలో దొర్లించే పద్ధతి వాళ్ల అమ్మది కూడానట. ‘ఆ పిల్లకి చెప్పండి, పొడి చెంచానే వాడమని, పెద్ద జాడీ నెలకొక్కసారే తెరవమని’ అంది. వాడుకకి చిన్న సీసాలో తీసుకుని పెట్టుకోండి.

రెండు_బస్సులు | మే 9, రాత్రి 9:55

అనంతపురం అక్కా, మిరపకాయలు గలగలమంటున్నాయి! ఈ రాత్రి పప్పులోకి నాలుగు వేయించాను. మా అత్తగారు తిని ‘ఉప్పు సరిగ్గా పట్టింది’ అన్నారు. ఆదివారం ఆవిడతో కలిసి సగ్గుబియ్యం వడియాలు పెడుతున్నాం. ఆవిడ మంచం మీద కూర్చుని చెబుతారు, పిల్లలు పెడతారు.

అనంత_ఎండ | మే 9, రాత్రి 10:10

చాలా సంతోషం చెల్లీ. గ్లాసు సగ్గుబియ్యానికి ఆరేడు గ్లాసుల నీళ్లు, గింజ అద్దంలా అయ్యేదాకా ఉడకాల. జీలకర్ర నలిపి వెయ్యి. ఉప్పు మాత్రం కొంచెం తక్కువే వెయ్యి, ఎండినాక వడియంలో ఉప్పు ఎక్కువ తెలుస్తుంది.

డాలస్_గోంగూర | మే 12, రాత్రి 8:30

ఇక్కడ గోంగూర మొలకలు జానెడు లేచాయి. జులైలో ఎండ 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మిగతా కూరలన్నీ వాడిపోతే ఇది మాత్రం విజృంభిస్తుంది. అందరికీ పంచినా మిగులుతుంది. పోయిన ఏడాది ఆకుని నూనెలో మగ్గించి, చల్లారాక ఒక్కో పూటకి సరిపడా చిన్న చిన్న పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టాను. జనవరిలో బయట మంచు పడుతుంటే గోంగూర పప్పు చేశాను. ఆ రోజు మా అబ్బాయి నన్ను ‘ఇది మన మొక్కదేనా’ అని మూడుసార్లు అడిగాడు.

అమ్మ_జాడీ | జులై 13, రాత్రి 10:45

ఆషాఢం. ఇవాళ జాడీ తెరిచాను. మూత తీసే ముందు కాసేపు అలాగే కూర్చున్నాను, నిజం చెబుతున్నాను, చాలా టెన్షన్ పడ్డాను.

బూజు లేదు. ఎర్రటి నూనె నిశ్చలంగా ఉంది. ముక్క కొరికితే టెంక దగ్గర కటుక్కుమంది, మెత్తబడలేదు. మా బాబు వేడన్నంలో కలుపుకుని ‘అమ్మమ్మ వాసన వస్తోంది’ అన్నాడు. చిన్న సీసాలో తీసి తెనాలిలో ఉన్న మా పిన్నికి పంపుతున్నాను. అమ్మకి చెప్పిన ఆ అబద్ధం సంగతి పిన్నికి ఫోన్‌లో చెప్పేశాను. ‘మీ అమ్మకి తెలుసే, నీ గొంతు వినే కనిపెట్టింది, వచ్చే ఏడు పక్కనుండి పెట్టిస్తానంది’ అంది పిన్ని.

బొంత సగం దాటింది. రోజూ జానెడు కుదరలేదు, వారానికి మూడు రోజులు కుదిరింది. పసుపు మరక దాకా ఇంకా రాలేదు.

టమాటా బతికి ఉంది. రాత్రి_షిఫ్ట్ గారూ, మీరు చెప్పినట్టు ఒక సంచి ఖాళీ చేసి మట్టి మార్చాను. అందులో పందిరి చిక్కుడు వేద్దామనుకుంటున్నాను. ఇప్పుడు వేయొచ్చా? అమ్మ వేసేది, ఏ నెలలోనో గుర్తు లేదు.

రాత్రి_షిఫ్ట్ | జులై 14, ఉదయం 8:05

ఇప్పుడే వేయండి. నాటు పందిరి చిక్కుడు పొద్దు కురచ అయ్యాకే పూస్తుంది. ఇప్పుడు వేస్తే అప్పటికి తీగ బాగా పాకి ఉంటుంది, చలికాలమంతా కాస్తుంది. 18 అంగుళాల సంచికి రెండు గింజలు చాలు. పందిరి ముందే కట్టండి, తర్వాత కట్టాలంటే తీగ తెగుతుంది. చలిలో పూత మీద నల్ల పేనుబంక వస్తుంది, దాంతోపాటే చీమలు తిరుగుతాయి. చీమలు కనబడిన రోజే వేపనూనె కొట్టండి.

పాత_మాస్టారు | జులై 14, ఉదయం 8:40

మా దగ్గర ఊదారంగు పువ్వు చిక్కుడు గింజలున్నాయి, కనుపు చిక్కుడు. మా ఆవిడ ఏటా మొదటి కోతలోని మంచి కాయలు తీగ మీదే ఎండనిచ్చి, గింజల్ని బూడిదలో కలిపి దాస్తుంది. చిరునామా విడిగా సందేశంలో పంపండి. ఇవాళ పోస్టులో వేస్తే ఈ వారంలోనే విత్తుకోవచ్చు. పది గింజలు పంపుతున్నాను, రెండు వేసి మిగతావి చుట్టుపక్కల ఎవరికైనా ఇవ్వండి.